కులం సంగతి ఏ ఇంట్లో చెప్పాలి?

జూన్ రెండో వారంలో బడులు తెరుచుకునే వేళ, పత్రికల కుటుంబ పేజీలు ఏటా ఒకే అంశాన్ని చర్చకు తెస్తాయి. ప్రాథమిక పాఠశాల దాటి హైస్కూల్లో అడుగుపెట్టే బిడ్డతో తల్లిదండ్రులు ఎలా మెలగాలి? ఫోను ఎంతసేపు ఇవ్వాలి, కౌమారంలో వచ్చే మార్పులను ఎలా అర్థం చేసుకోవాలి, మార్కుల ఒత్తిడి లేకుండా ఎలా చూడాలి? ఈ సలహాలలో తప్పు పట్టవలసినదేమీ లేదు. అయితే అవి ఎవరిని ఉద్దేశించినవో గమనించాలి. చదువుకున్న, కాస్త తీరిక ఉన్న, హెడ్‌మాస్టర్ గదిలోకి జంకకుండా వెళ్లగల తల్లినో తండ్రినో మనసులో పెట్టుకుని రాసినవి అవి. దళితవాడలోని తల్లిదండ్రులను అదే జూన్‌లో ఇంకొక ప్రశ్న వేధిస్తుంది. కొత్త బడిలో పక్కన కూర్చున్న పిల్లవాడు 'మీరేమిట్లు?' అని అడిగితే మన బిడ్డ ఏం చెప్పాలి? చెప్పాక ఏం జరిగితే ఎలా తట్టుకోవాలి?

ప్రాథమిక పాఠశాల సాధారణంగా వాడలోనో, వాడ అంచునో ఉంటుంది. అక్కడ చదివే పిల్లలలో ఎక్కువమంది చుట్టాల పిల్లలే. కూలికి వెళ్తూ తల్లి ఒకసారి లోపలికి తొంగిచూడగలదు. పంతులుగారి పేరు, ఊరు ఆమెకు తెలుసు. హైస్కూలు అలా కాదు. అది ఊరి మధ్యనో, పక్క ఊళ్లోనో, మండల కేంద్రంలోనో ఉంటుంది. నాలుగైదు ఊళ్ల పిల్లలు, అన్ని కులాల పిల్లలు అక్కడ కలుస్తారు. సబ్జెక్టుకో ఉపాధ్యాయుడు వస్తాడు. ఎవరిని కలవాలో, ఏమని అడగాలో తల్లికి తెలియదు. అంతకుముందు లేని కాగితాలు అవసరమవుతాయి. కుల ధ్రువపత్రంలో ఉన్న పేరు ఆధార్‌లోని పేరుతో కలవదు. ఇంటిపేరు ఒకచోట ముందు, మరొకచోట వెనుక ఉంటుంది. మీసేవ కేంద్రానికి, తహసీల్దారు కార్యాలయానికి తిరిగిన ప్రతి రోజూ ఒక రోజు కూలి పోతుంది. ఇంట్లో ఎప్పుడూ గట్టిగా పలకని మాట అక్కడ ఒక ముద్రతో, ఒక సంతకంతో బిడ్డ చేతికి వస్తుంది. పదకొండేళ్ల బిడ్డ తన కులాన్ని అచ్చులో చదువుకునేది చాలాసార్లు అప్పుడే.

చర్చికి వెళ్లే దళిత కుటుంబాలలో ఈ ఘట్టం మరింత చిక్కుపడుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు బయటే ఉండిపోయారు. తెలుగు రాష్ట్రాలలో వారికి బీసీ-సీ వర్గంలో చోటిచ్చారు. అందుకే ఇంట్లో ఒక పేరుతో పిలిచే బిడ్డకు బడి రిజిస్టరులో మరో పేరు రాయించిన కుటుంబాలు ఆంధ్ర ప్రాంతంలో కొత్త కాదు. 'బడిలో ఈ పేరే చెప్పు, ఆ పేరు చెప్పకు' అని బిడ్డకు నేర్పవలసి రావడం ఏ సలహాల శీర్షికలోనూ కనబడని తల్లిదండ్రుల కర్తవ్యం.

బిడ్డ హైస్కూలు చదువు కోసం ఒక కుటుంబం ఎంత మారవలసి వస్తుందో తెలియాలంటే రాంజీ సక్‌పాల్ జీవితం చూడాలి. సైన్యంలో సుబేదారుగా పనిచేసి పదవీ విరమణ పొందిన ఆయన, కొడుకు చదువు కోసం సతారా నుంచి బొంబాయి చేరాడు. పరేల్‌లోని ఒంటిగది ఇంట్లో సంసారం. చోటు చాలక, కొడుకును పెందలాడే పడుకోబెట్టి, రాత్రి రెండు గంటలకు లేపి చదివించేందుకు తాను మేలుకుని ఉండేవాడు. పుస్తకాలు కొనడానికి చేతిలో డబ్బు లేనప్పుడు పెళ్లయిన కూతుళ్ల నగలు తెచ్చి తాకట్టు పెట్టాడు. ఆ కొడుకు భీమ్‌రావ్ ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో చదివి 1907లో మెట్రిక్యులేషన్ పూర్తిచేశాడు.

ఆ తండ్రి చేయగలిగినదంతా చేశాడు. బడి మాత్రం తన పద్ధతి మార్చుకోలేదు. సతారాలో భీమ్‌రావ్ ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా కూర్చునేవాడు. నీళ్లు పోయడానికి ప్యూను లేని రోజున దాహంతోనే ఉండేవాడు. ఎల్ఫిన్‌స్టన్ ప్రభుత్వ హైస్కూలు, అదీ మహానగరంలో. అక్కడ కూడా లెక్క చేయమని ఉపాధ్యాయుడు బోర్డు దగ్గరకు పిలిస్తే, బోర్డు వెనుక పెట్టుకున్న తమ అన్నం డబ్బాలు మైలపడతాయని సవర్ణ విద్యార్థులు గోలచేసి వాటిని పక్కకు తీసుకున్నారని ధనంజయ్ కీర్ రాసిన జీవిత చరిత్ర చెబుతుంది. సంస్కృతం చదవాలనుకుంటే కుదరదన్నారు. పర్షియన్ తీసుకోవలసి వచ్చింది.

ఈ ఉదంతాన్ని మనం ఎప్పుడూ అంబేడ్కర్ వైపు నుంచే, ఆయన పట్టుదలకు ఉదాహరణగా చెప్పుకుంటాం. డబ్బాలు జరిపిన పిల్లల వైపు నుంచి ఒకసారి చూడాలి. పన్నెండు, పదమూడేళ్ల ఆ పిల్లలకు అన్నం మైలపడుతుందని ఎవరు చెప్పారు? బడి పాఠ్యపుస్తకంలో అది లేదు. వాళ్ల ఇళ్లలో నేర్పారు. రాంజీ ఇంట్లో అవమానాన్ని ఎలా భరించాలో నేర్పుతున్న కాలంలోనే, ఆ ఇళ్లలో అవమానించడం నేర్పారు. నూట ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఈ పని విభజన మారలేదన్నదే నా ఆరోపణ. కులం గురించి పిల్లలతో మాట్లాడే భారం ఇప్పటికీ ఒక వాడ మీదే ఉంది.

విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పే మావంటివారి దగ్గరకు ఈ రెండు రకాల ఇళ్ల పిల్లలూ ఆరేడేళ్ల తర్వాత వస్తారు. కులం మీద చర్చ వచ్చినప్పుడు అగ్రకుల విద్యార్థుల నుంచి తరచూ వినిపించే మాట ఒకటుంది: 'మా ఇంట్లో ఎప్పుడూ కులం ప్రస్తావన రాలేదండీ, ఇక్కడికి వచ్చాకే వింటున్నాం.' వాళ్లు అబద్ధమాడడం లేదు. వాళ్ల తల్లిదండ్రులు నిజంగానే పిల్లల్ని కూర్చోబెట్టి కులం గురించి చెప్పి ఉండరు. ఆ అవసరం వాళ్లకు రాలేదు. సంపద, చదువు, పలుకుబడి తరాలుగా కూడిన చోట కులం కనబడకుండా పోయి 'ప్రతిభ'గా రూపు మార్చుకుంటుందని, 'జనరల్' అనే మాట చాటున అగ్రకులానికి కులమే లేనట్లు కనబడే సౌకర్యం దక్కుతుందని సామాజిక శాస్త్రవేత్త సతీశ్ దేశ్‌పాండే విశ్లేషించారు. ఆ సౌకర్యమే ఆ ఇళ్లలోని మౌనం.

అయితే ఆ మౌనం కూడా పూర్తి మౌనం కాదు. కార్తీక మాసం రాగానే తోటల్లో ఏ కులానికి ఆ కులం వనభోజనాలు జరుపుకుంటుంది. పిల్లలూ వెళ్తారు, ఉసిరి చెట్టు నీడన 'మనోళ్లు' ఎవరో తెలుసుకుని వస్తారు. పదో తరగతి ఫలితాలు రాగానే కుల సంఘాలు తమ కులపు పిల్లలకు ప్రతిభా పురస్కారాలు ఇస్తాయి. సినిమా కథానాయకుడి పోస్టరు మీద, మోటారు సైకిలు నంబరు పలక మీద, ఫోనులోని రీలు మీద కులం పేరు గర్వంగా వెలుగుతుంది. ఆరో తరగతికి వచ్చేసరికి పిల్లవాడు ఇదంతా చూసే ఉంటాడు. అంటే ఈ ఇళ్లలోనూ కుల విద్య సాగుతూనే ఉంది. గర్వం పాఠం పూర్తయింది, బాధ్యత పాఠం ఎవరూ మొదలుపెట్టలేదు. అలాంటి పిల్లవాడు హైస్కూల్లో మొదటి వారంలోనే 'మీరేమిట్లు?' అని అడిగితే అందులో ఆశ్చర్యమేముంది?

ఆ ప్రశ్న ఎంత దూరం పోగలదో పొరుగు రాష్ట్రం చూపించింది. 2023 ఆగస్టులో తమిళనాడులోని తిరునల్వేలి జిల్లా నాంగునేరిలో, కుల వేధింపుల గురించి బడిలో చెప్పినందుకు ఒక దళిత విద్యార్థిపై తోటి విద్యార్థులే రాత్రివేళ ఇంటికి వచ్చి కొడవళ్లతో దాడిచేశారు. అడ్డుపడిన చెల్లెలూ గాయపడింది. ఆ తర్వాత ప్రభుత్వం విశ్రాంత న్యాయమూర్తి కె. చంద్రు నాయకత్వంలో వేసిన ఏకసభ్య కమిటీ 2024 జూన్‌లో నివేదిక ఇచ్చింది. కులాన్ని సూచించే రంగు దారాలు, ఉంగరాలు, బొట్లు బడిలో నిషేధించాలని, బడుల పేర్ల నుంచి కులం తొలగించాలని, హాజరు పట్టీలో కులం వివరాలు ఉండరాదని, ఉపకార వేతనాల సంగతి తరగతిలో అందరి ముందు ప్రకటించరాదని అది సిఫారసు చేసింది. మణికట్టు దారం రంగును బట్టి తోటివాడిని అంచనా వేసే స్థితి ఇంకా మనకు రాలేదని తెలుగు తల్లిదండ్రులు ఊరట చెందవచ్చు. ఫోను వెనుక అంటించిన స్టిక్కరు అదే పనిని చేస్తున్నదని మరిచిపోకూడదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. దళిత పిల్లలకు గురుకులాలు ఉన్నాయి కదా అని. ఉన్నాయి, అవి సాధించినవి చిన్నవి కావు. ఐదో తరగతిలో చేరి ఇంటర్ దాకా ఒకే ప్రాంగణంలో చదివే వీలు వేలాది కుటుంబాల గతిని మార్చింది. నిజామాబాద్ ప్రాంతపు గిరిజన బాలిక మాలావత్ పూర్ణ గురుకులంలో చదువుతూనే, 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. తెలంగాణ గురుకులాలలో 'స్వేరో' అనే పేరును పిల్లలు తమకు తాము తగిలించుకున్నారు. కులం పేరుతో వచ్చే చిన్నతనాన్ని ఒక కొత్త పేరుతో ఎదుర్కొనే ప్రయత్నం అది. కానీ ఆ తల్లిదండ్రులు చెల్లించే మూల్యం కూడా చూడాలి. పదేళ్ల బిడ్డను పంపి, కలుసుకోనిచ్చే ఆదివారం కోసం ఎదురుచూస్తారు. భోజనం కలుషితమై పిల్లలు ఆసుపత్రి పాలయ్యారన్న వార్త వచ్చిన ప్రతిసారీ ఆ రాత్రి వాడలో ఎవరికీ నిద్రపట్టదు. అయినా పంపుతున్నారంటే, చదువు మీద ఆశతో పాటు ఊరి హైస్కూలు మీద ఉన్న భయం కూడా ఒక కారణం. సీటు రాని పిల్లలు మళ్లీ ఆ ఊరి హైస్కూలుకే వెళ్లాలి. వాళ్ల పక్క బెంచీలో కూర్చునే పిల్లవాడిని గురుకులం ఏమీ మార్చలేదు.

కనుక మార్పు ఆ బడిలోనే రావాలి. చట్టం చేతిలోనే ఉంది. అంటరానితనాన్ని రాజ్యాంగంలోని 17వ అధికరణం నిషేధించింది. బలహీన వర్గాల పిల్లలపై వివక్ష లేకుండా చూడడం ప్రభుత్వాల, స్థానిక సంస్థల విధి అని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతోంది. బడి నిర్వహణ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, వెనుకబడిన, బలహీన వర్గాల తల్లిదండ్రులకు దామాషా ప్రాతినిధ్యం ఇవ్వాలని, సగం మంది మహిళలు ఉండాలని కూడా అదే చట్టం నిర్దేశించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న ప్రభుత్వ బడులన్నింటా ఒకే రోజు తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశాలు జరిపారు. వేదిక దొరికింది, అక్కడ ఏం మాట్లాడాలన్నదే మిగిలిన ప్రశ్న.

ఆరో తరగతి తల్లిదండ్రుల మొదటి సమావేశంలోనే హెడ్‌మాస్టర్ ఒక మాట స్పష్టంగా చెప్పాలి: ఈ బడిలో కులం అడగడం, కులం పేరుతో పిలవడం క్రమశిక్షణ తప్పు కిందకు వస్తుంది. ఆ మాట అన్ని కులాల తల్లిదండ్రులు కలిసి కూర్చుని వినాలి. 'ఎస్సీ పిల్లలు నిలబడండి' అని తరగతిలో లెక్క తీసే అలవాటు ఎక్కడ మిగిలి ఉన్నా మానిపించి, ఉపకార వేతనాల వివరాలు విడిగా తీసుకోవాలి. కూర్చునే వరుస, గది ఊడ్చే వంతు, మంచినీళ్లు తెచ్చే వంతు పేర్ల అక్షర క్రమంలో తిరగాలి. కూలికి వెళ్లేవారు రాగలిగేలా సమావేశం సాయంత్రమో, ఆదివారమో పెట్టాలి. బిడ్డ అవమానపడి ఫిర్యాదు చేస్తే రాసుకునే పుస్తకం ఒకటి, విచారించే బాధ్యత గల ఉపాధ్యాయుడు ఒకరు ఉండాలి. వీటిలో దేనికీ కొత్త బడ్జెటు అక్కరలేదు.

ఇక ఇంటి మాట. సవర్ణ, ఆధిపత్య కులాల తల్లిదండ్రులు ఆరో తరగతికి వెళ్లే బిడ్డతో చెప్పవలసినది పెద్ద ఉపన్యాసమేమీ కాదు. మనకు ఈ ఇల్లు, ఈ పొలం, ఈ ఇంగ్లీషు ఎలా వచ్చాయో చెప్పాలి. తాతల కాలంలో ఎవరిని బడి గుమ్మం ఎక్కనివ్వలేదో చెప్పాలి. రిజర్వేషన్ ఎందుకు వచ్చిందో, ఉపకార వేతనం ఎవరి దయా కాదని ఎందుకు అంటామో చెప్పాలి. తోటి పిల్లవాడి పేరు, అతడికి నచ్చిన ఆట, లెక్క ఎలా చేస్తాడు అన్నవి అడిగి తెలుసుకోమని, కులం అడగవద్దని చెప్పాలి. ఎవరైనా అడిగి ఏడిపిస్తుంటే చూస్తూ ఊరుకోవద్దని కూడా చెప్పాలి. పిల్లలకు ఇవన్నీ అర్థం కావనే సాకు చెల్లదు. అదే వయసులో వాడలోని బిడ్డకు అంతకంటే కష్టమైన సంగతులు తండ్రి చెప్పక తప్పడం లేదు.

నేటి విద్యార్థులలో చాలామంది మరో పదేళ్లలో తల్లిదండ్రులవుతారు. కుల నిర్మూలన గురించి సెమినార్లలో మాట్లాడేవారూ వారిలో ఉన్నారు. తమ ఇంటి నుంచి ఆరో తరగతికి వెళ్లే బిడ్డకు ఏం చెప్పి పంపుతారన్నది వారి రాజకీయాలకు అసలైన పరీక్ష. ఆ బిడ్డ పక్కన కూర్చోబోయే పిల్లకు ఆమె తల్లి చెప్పవలసినదంతా ఇప్పటికే చెప్పి ఉంటుంది.