జర్మన్ వాళ్లని పెళ్లి చేసుకుంటే వీసా గ్యారంటీనా?

"అన్నా, జర్మన్ అమ్మాయిని చేసుకుంటే అక్కడే సెటిలా?" అని నాకు ఒకటే మెసేజ్‌లు. పెళ్లి కాగానే పాస్‌పోర్టు చేతిలో పెట్టరు. ముందు ఇచ్చేది రెసిడెన్స్ పర్మిట్, మామూలుగా 3 ఏళ్లకి.

మనవాళ్లు స్పౌస్ వీసాకి అప్లై చేయాలంటే సాధారణంగా ఏ1 జర్మన్ సర్టిఫికెట్ ఉండాలి. పేరు, ఊరు, చేసే పని చెప్పుకునేంత భాష, అంతే. బద్ధకించకండి. వెళ్లాక ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు.

అసలు మెలిక ఏంటంటే, పర్మిట్ నిలబడేది పెళ్లి సర్టిఫికెట్ మీద కాదు, కాపురం మీద. అనుమానం వస్తే ఇద్దర్నీ విడివిడిగా కూర్చోబెట్టి ఒకే ప్రశ్నలు అడుగుతారు. అక్కడ కలిసి 3 ఏళ్లు గడవకముందే విడిపోతే పర్మిట్ పోవచ్చు. విడాకుల దాకా కూడా అక్కర్లేదు, వేరుగా ఉంటే చాలు.

ఈ భయంతోనే దెబ్బలు తింటూ నోరు మూసుకునేవాళ్లు ఉంటారు. అక్కడికి కోడళ్లుగా వెళ్లిన మన అమ్మాయిలూ, మీకే చెప్తున్నా. ఇంట్లో హింస ఉంటే 3 ఏళ్లు నిండకపోయినా సొంతంగా ఉండే హక్కు అడగొచ్చు. రెసిడెన్స్ చట్టం 31వ సెక్షన్‌లో ఉంది. జర్మనీలో 116016కి ఫోన్ చేస్తే చాలు. ఫ్రీ, 24 గంటలూ ఎత్తుతారు, ఇంగ్లిష్‌లో మాట్లాడొచ్చు, పేరు కూడా చెప్పక్కర్లేదు.