హైడ్రా క్రేన్: స్టీరింగ్ కూడా ఒక లీవరే

నిర్మాణ స్థలాల్లో ‘హైడ్రా’ అని పిలిచే క్రేన్ బరువును ఎత్తడంతో ఆగదు, దాన్ని వేలాడదీసుకుని నడుస్తుంది కూడా. వీటిలో నడుము దగ్గర కీలు ఉన్న రకాన్ని పరిశీలిద్దాం.

క్యాబిన్‌లోని లీవర్లు బూమ్‌ను లేపడానికి, సాచడానికి, కొక్కెం తాడును చుట్టడానికి. లీవరు కదిపితే వాల్వు తెరుచుకుని, పంపు నుంచి ఆయిల్ పీడనంతో వెళ్తుంది. ఇది సులభంగానే అర్థమవుతుంది. తికమక స్టీరింగ్ దగ్గరే. ఈ బూమ్ విడిగా పక్కకు తిరగదు. స్టీరింగ్ తిప్పితే కీలు దగ్గరి సిలిండర్లు యంత్రాన్ని వంచుతాయి. ముందు భాగం బూమ్‌తో, బరువుతో సహా మళ్ళుతుంది. కారు నడిపిన అలవాటు ఇక్కడ పనికిరాదు.

ముందు ఇరుసు నుంచి 3 మీటర్ల దూరంలో 4 టన్నులు, 6 మీటర్ల దూరంలో 2 టన్నులు వేలాడినా భ్రామకం 12 టన్ను-మీటర్లే. దీనికి ఎదురు నిలిచేది ప్రధానంగా వెనక భాగపు బరువు. యంత్రం వంగినప్పుడు ఆ భాగం పక్కకు జరిగి, ముందు ఇరుసు నుంచి దాని లంబదూరం తగ్గుతుంది. తిన్నగా ఉండగా నిలిచిన క్రేన్ అదే బరువుతో మలుపులో ఒరిగిపోవచ్చు. అందుకే లోడ్ చార్టులో తిన్నగా ఉన్నప్పటి అంకె చూసి మలుపు తిప్పకూడదు.

మరొకటి, ఊగడం. 4 మీటర్ల తాడుకు వేలాడే బరువు ఒకసారి ఊగి రావడానికి సుమారు 4 సెకన్లు పడుతుంది. స్టీరింగ్‌ను విసురుగా తిప్పితే బరువు బయటికి ఊగి, దూరం పెరుగుతుంది. తాడు పట్టుకుని పక్కన నడిచే సహాయకుడు మధ్యలో చిక్కుకుంటాడు. కనుక కదలకముందే బూమ్‌ను లోపలికి తీసి, బరువును నేలకు దగ్గరగా దించాలి.