బ్యాటరీ డిక్కీలో ఎందుకుంది?

పిల్లలూ, కారు బ్యాటరీ ఎక్కడుంటుంది? ముందు, ఇంజను పక్కన అంటారు కదూ! కానీ జపాన్‌కు చెందిన మాజ్డా సంస్థ 1989లో తెచ్చిన ఎంఎక్స్-5 అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారులో అది వెనక డిక్కీలో, ఓ మూలన ఉంటుంది. ఎందుకలా?

సైకిల్ హ్యాండిల్‌కి బరువైన సంచి తగిలిస్తే మలుపు తిప్పడం ఎంత కష్టం! అదే సంచిని వెనక క్యారేజీ మీద పెడితే హ్యాండిల్ సులువుగా తిరుగుతుంది. కారూ అంతే. ఇంజను బరువు ముందుంటుంది. బ్యాటరీని వెనక్కి పంపితే, కావడికి వేలాడే రెండు కుండల్లా ముందూ వెనకా సరితూగుతాయి. అప్పుడు మలుపుల్లో నాలుగు చక్రాలూ రోడ్డును బాగా పట్టుకుంటాయి.

బ్యాటరీకి అంత బరువెందుకు? లోపల సీసం పలకలుంటాయి. లీటరు పాలు పట్టే గిన్నె నిండా సీసం ఉంటే 11 కిలోలు దాటుతుంది! అందుకే కొందరు పాత స్పోర్ట్స్ కార్లలో తేలికైన లిథియం బ్యాటరీ పెడతారు.

ఒక జాగ్రత్త: సీసం బ్యాటరీ ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ అనే మండే వాయువు రావచ్చు. వంటింటి పొగగొట్టంలా ఓ సన్నని గొట్టం దాన్ని డిక్కీ బయటికి పంపుతుంది. బ్యాటరీ మార్చినప్పుడు ఆ గొట్టాన్ని మళ్లీ బిగించడం అస్సలు మరవకూడదు.