సొట్ట పెట్టారా... చీటీ పెట్టండి!

సాయంత్రం ఏడు గంటలు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రెండు పిల్లర్ల మధ్య నుంచి వెనక్కి వస్తున్న కారు ‘టక్’మని ఆగింది. దిగి చూస్తే పక్క కారు డోరు మీద అరచేతంత సొట్ట. దానికి అంటుకుని తమ బంపరు రంగు. అటూ ఇటూ చూస్తే ఎవరూ లేరు. వాచ్‌మన్ నీళ్ల మోటారు వేయడానికి వెళ్లాడు. ఆ కారు ఎవరిదో తెలుసు, మూడో అంతస్తు వాళ్లది. ఇప్పుడేం చేయాలి? వెళ్లి బెల్లు కొట్టాలా? చప్పుడు చేయకుండా ఇంటికెళ్లిపోవాలా?

చాలామంది రెండో పనే చేస్తారు. చెడ్డవాళ్లై కాదు, భయంతో. ‘ఇప్పుడు చెబితే గొడవ చేస్తారేమో, కొత్త డోరే కావాలంటారేమో... రేపు చూద్దాంలే’ అనుకుంటారు. తెల్లారేసరికి అవతలివాళ్లు సొట్ట చూస్తారు. వాచ్‌మన్‌ని నిలదీస్తారు. సీసీ కెమెరాలో దృశ్యాలు తీయిస్తారు. అప్పుడు బయటపడితే చేసినది పొరపాటని ఎవరూ అనుకోరు, తప్పించుకోబోయి దొరికిపోయారనే అంటారు. నాలుగు వేలతో తీరిపోయే వ్యవహారం కాస్తా ఏళ్ల తరబడి లిఫ్టులో మొహాలు తిప్పుకుని నిలబడటం దాకా వస్తుంది. అందుకే తగిలిన గంటలోపే చెప్పేయాలి. ‘మీ కారుకి నా బండి తగిలిందండీ, ఒకసారి కిందికొచ్చి చూస్తారా?’ ఈ ఒక్క మాటతో సగం కోపం అక్కడే చల్లారిపోతుంది. ‘మీరు కాస్త గీత దాటి పెట్టారు కాబట్టి...’ అని మాత్రం మొదలుపెట్టకూడదు. అది నిజమే అయినా సరే!

యజమాని దొరకలేదనుకోండి. షాపింగ్ మాల్లోనో, ఫంక్షన్ హాల్ దగ్గరో ఇదే ఇబ్బంది. అలాంటప్పుడు వైపర్ కింద చీటీ పెట్టడం మర్యాద. మన దగ్గర ఇది ఇంకా అంతగా అలవాటు కాలేదు. తెలుగువాళ్లు పెద్దసంఖ్యలో ఉన్న కాలిఫోర్నియాలో అయితే ఇది చట్టమే. ఆగి ఉన్న బండిని గుద్దితే యజమానిని వెతికి చెప్పాలి. దొరక్కపోతే పేరు, చిరునామా, జరిగిందేమిటో రాసి కనిపించేచోట పెట్టాలి, పోలీసులకూ తెలపాలి. అదేమీ చేయకుండా వెళ్లిపోతే ఆరు నెలల దాకా జైలు, వెయ్యి డాలర్ల దాకా జరిమానా పడొచ్చు. కొత్తగా అక్కడికెళ్లినవాళ్లు ‘చిన్న గీతే కదా’ అని వచ్చేయడం మంచిది కాదు. జర్మనీ ఇంకా గట్టిది. అక్కడ ఒట్టి చీటీ చాలదు. కొంతసేపు అక్కడే వేచి ఉండాలి, అప్పటికీ రాకపోతే పోలీసులకు చెప్పాలి.

మరి మన దగ్గరో? మోటారు వాహనాల చట్టం-1988లోని 134వ సెక్షన్ మనిషికి దెబ్బ తగిలినప్పుడే కాదు, ఎదుటివారి ఆస్తికి నష్టం జరిగినప్పుడూ వర్తిస్తుంది. పోలీసులు అక్కడ లేకపోతే 24 గంటల్లోగా దగ్గర్లోని స్టేషన్‌లో చెప్పాలని, బీమా సంస్థకూ తెలపాలని అందులో ఉంది. బంపరు గీతకు స్టేషన్ మెట్లెక్కేవాళ్లు ఎవరూ ఉండరన్నది వేరే సంగతి.

గోటితో పరీక్ష

రెండువైపులవాళ్లూ కిందికి దిగాక అసలు ఎంత నష్టం జరిగిందో చూడాలి. కారు రంగు ఒక్క పూత కాదు. రేకు మీద ప్రైమర్, దానిపైన రంగు, అన్నిటికన్నా పైన పారదర్శకంగా మెరిసే క్లియర్ కోటు ఉంటాయి. ముందు తడిగుడ్డతో తుడవండి. అవతలి బండి రంగు అంటుకున్నదే గీతలా కనిపిస్తుంటుంది చాలాసార్లు. తుడిచాక గోటిని గీత మీదుగా అడ్డంగా జరపండి. గోరు తట్టుకోకుండా జారిపోతే అది పైపూతకే పరిమితమైనట్టు. పాలిష్‌తో పోతుంది. గోరు తట్టుకుంటే లోపలిదాకా దిగిందన్నమాట. లోహం కనిపిస్తుంటే మాత్రం బాగుచేయించడం ఆలస్యం చేయొద్దు. విశాఖ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి ఊళ్లలో తుప్పు తొందరగా పట్టేస్తుంది.

రంగు చెక్కుచెదరకుండా ఒట్టి సొట్టే పడితే లోపలివైపు నుంచి పనిముట్లతో మెల్లగా నెట్టి సరిచేసేవాళ్లున్నారు. పెయింటింగ్ అక్కర్లేదు. రంగు పోతే మాత్రం ఆ డోరో, ఫెండరో మొత్తానికి వేయాల్సిందే. కాస్తంత మేర మాత్రమే వేస్తే అతుకు వేసినట్టు కనిపిస్తుంది. ‘ఇంత చిన్న గీతకి అంత బిల్లా?’ అని తగిలించినవాళ్లు ఆశ్చర్యపోయేది ఇక్కడే. కొత్త కార్లలో బంపరు వెనక సెన్సర్లు కూడా ఉంటాయి. పైకి ఏమీ కాకపోయినా రివర్స్ గేర్ వేసి అవి పలుకుతున్నాయో లేదో చూసుకోవాలి.

క్లెయిమ్ చేస్తే లాభమా?

‘బీమా ఉందిగా’ అనేస్తారు చాలామంది. కాగితం మీద లెక్క వేసి చూడండి. పెయింటింగ్ బిల్లు నాలుగు వేలు అయిందనుకుందాం. అందులో పాతిక శాతం రంగు సామగ్రి కింద లెక్కించి, దానిలో సగం తరుగుదలగా కోస్తారు. అంటే 500 పోయింది. 1500 సీసీ లోపు కారైతే యజమాని విధిగా భరించాల్సిన వాటా మరో వెయ్యి. చేతికొచ్చేది 2,500. ఇప్పుడు పోయేది చూడండి. ఏడాది పొడవునా క్లెయిమ్ చేయకపోతే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 20 శాతం రాయితీ వస్తుంది. అది ఏటా పెరుగుతూ అయిదేళ్లకు 50 శాతమవుతుంది. నో క్లెయిమ్ బోనస్ అనేది దీన్నే. ఓన్ డ్యామేజ్ ప్రీమియం 12 వేలున్న కారుకి 50 శాతం రాయితీ ఉంటే ఏటా ఆరు వేలు మిగులుతున్నట్టు. ఒక్క క్లెయిమ్‌తో అది సున్నాకి పడిపోతుంది. బోనస్‌కు రక్షణ కల్పించే యాడ్-ఆన్ తీసుకుంటే తప్ప! 2,500 కోసం వచ్చే ఏడాదే ఆరు వేలు వదులుకుని, మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. ఎదుటివాళ్ల థర్డ్ పార్టీ బీమా నుంచి రాబట్టాలంటే వ్యవహారం ట్రైబ్యునల్ దాకా వెళ్తుంది. అందుకే చిన్న సొట్టలకు ఇద్దరూ కలిసి ఒకే షెడ్డుకు వెళ్లి, బిల్లు మెకానిక్‌కే నేరుగా కట్టేయడం తేలిక. యజమానికి నమ్మకమున్న షెడ్డుకే వెళ్లాలి తప్ప, ‘మా వాడు చవగ్గా చేస్తాడు’ అని పట్టుబట్టకూడదు. పాత సొట్టలన్నీ ఈ బిల్లులోనే కలిపేయాలని యజమానీ చూడకూడదు!

న్యూట్రల్‌లో పెట్టిన బండి

మన అపార్ట్‌మెంట్లకే ప్రత్యేకమైన తగాదా మరోటుంది. స్థలం చాలక ఒక కారుకి అడ్డంగా మరోటి పెడతారు. అవతలివాళ్లు నెట్టుకుంటారని న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వేయకుండా పోతారు. పొద్దున్నే ఆఫీసు హడావుడిలో ఎవరో ఒక్క తోపు తోస్తారు. నేల కాస్త వాలుగా ఉంటే కారు ఆగదు. నేరుగా వెళ్లి పిల్లర్‌ని ముద్దాడుతుంది. తప్పెవరిది? అడ్డం పెట్టినవాళ్లదా, తోసినవాళ్లదా? ఇలాంటిచోట చెరిసగం భరించడమే న్యాయంగా ఉంటుంది. అది కూడా ఏదో ఒకటి తగలకముందే అసోసియేషన్ మీటింగ్‌లో మాట్లాడుకోవాలి. టైర్ల కింద పెట్టడానికి రెండు చెక్కముక్కలు సెల్లార్‌లో ఉంచితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. నెట్టేటప్పుడు ఇద్దరుండాలి, ఒకరు అవతలివైపు నిలబడాలి.

కొందరు తాళాలు వాచ్‌మన్‌కి ఇచ్చేస్తారు. అతనికి లైసెన్సు ఉందా అని అడిగేవాళ్లు తక్కువ. లైసెన్సు లేని మనిషి నడుపుతుండగా దెబ్బ తగిలితే బీమా సంస్థ చేతులెత్తేస్తుంది. పోనీ అతన్ని కట్టమందామా అంటే... ఆ డోరు ఖరీదు అతని నెల జీతం కన్నా ఎక్కువ కావచ్చు. తాళం ఇచ్చినవాళ్లే ఆ నష్టాన్ని మోయడం సబబు. ఇంటి డ్రైవర్ విషయంలోనూ అంతే. ఇరుకు సందులో గీత పడ్డ ప్రతిసారీ జీతంలో కోత పెట్టే ఇంట్లో డ్రైవర్ నిజం చెప్పడు. ‘పొద్దున నుంచే ఉంది సార్’ అంటాడు. ఆ మాట నేర్పింది యజమానే.

హోటళ్లలో వ్యాలెట్‌కు తాళం ఇచ్చినప్పుడు సంగతి వేరు. టోకెన్ మీద ‘పార్కింగ్ బాధ్యత యజమానిదే’ అని అచ్చేసినంత మాత్రాన వాళ్లు తప్పించుకోలేరు. 1998లో ఢిల్లీలోని ఓ హోటల్ వ్యాలెట్‌కు అప్పగించిన మారుతీ జెన్ చోరీకి గురైంది. ఆ కేసులో 2019 నవంబరులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. కారు అప్పగించుకున్నాక హోటల్ నిర్లక్ష్యం ఉంటే బాధ్యత దానిదేనంది. అందుకే తాళం ఇచ్చేముందు సెల్‌ఫోన్‌తో కారు చుట్టూ నాలుగు ఫొటోలు తీసుకుంటే మంచిది. తిరిగి తీసుకునేటప్పుడు గేటు దాటకముందే చూసుకోవాలి. ఇల్లు చేరాక చెబితే ఎవరూ ఒప్పుకోరు.

సొట్ట పడ్డ కారు యజమానికీ కొన్ని మర్యాదలున్నాయి. చెప్పడానికి వచ్చినవాళ్ల మీద వీధంతా వినిపించేలా అరిస్తే, చూస్తున్న పదిమందికీ ‘ఇంకెప్పుడూ చెప్పకూడదు’ అన్న పాఠం అందుతుంది. డెలివరీ అబ్బాయి బండి హ్యాండిల్ గీసుకుంటే అతని ఫోను లాక్కోవడం, సీసీ కెమెరా ముక్కను ‘ఈ దొంగ ఎవరు?’ అని వాట్సప్ గ్రూపులో పెట్టడం ఏ కోణంలో చూసినా తప్పే. అసోసియేషన్ బాధ్యులతో కలిసి చూసి, ఆ మనిషితో విడిగా మాట్లాడితే సరిపోతుంది. అదీ త్వరగానే. కొన్నాళ్లకు పాత దృశ్యాలు కెమెరాలో వాటంతటవే చెరిగిపోతాయి. డబ్బు ముట్టాక ‘లెక్క తీరిపోయింది’ అని ఒక మెసేజ్ పెట్టేస్తే ఇద్దరికీ నిశ్చింత.

ఇక చీటీలో ఏం రాయాలి? బండి నంబరు, తగిలిన సమయం, పేరు, ఫోను నంబరు. ఫోను నంబరు బహిరంగంగా పెట్టడం ఇష్టంలేని ఆడవాళ్లు ఫ్లాట్ నంబరు రాసినా, సెక్యూరిటీ డెస్కులో వివరాలిచ్చి ‘అక్కడ అడగండి’ అని రాసినా చాలు. ‘సారీ’ ఒక్కటే రాసి వెళ్లిపోయేవాళ్లూ ఉన్నారు. అది చీటీ కిందికి రాదు. డాష్‌బోర్డులో ఒక పెన్నూ, నాలుగు తెల్లకాగితాలూ ఉంచుకోండి. వానాకాలమైతే ఒక ప్లాస్టిక్ కవరు కూడా.