టైరులో గాలి: ఎంత? ఎప్పుడు?

కారు భారంలో అధికభాగాన్ని వహించేది టైరులో బిగిసి ఉన్న గాలి. ఒక్కొక్క టైరు నేలను తాకే భాగం ఇంచుమించు అరచేయంత మాత్రమే. బ్రేకు పట్టడం, మలుపు తిరగడం, వానలో జారకుండా సాగడం ఈ నాలుగు అరచేతుల చోటుపైనే ఆధారపడి ఉన్నాయి. కనుక టైర్లలో గాలి ఒత్తిడి ప్రయాణికుల ప్రాణరక్షణకు సంబంధించిన విషయం.

గాలి తక్కువైతే టైరు పక్కభాగాలు ప్రతి భ్రమణంలోను అతిగా వంగుతూ వేడెక్కుతాయి. మండుటెండలో, అధిక భారంతో, వేగంగా పోయే కారులో ఈ వేడి టైరు పొరలను విడదీసి, అది హఠాత్తుగా పగలడానికి దారితీయవచ్చు. అంచులు త్వరగా అరుగుతాయి. పెట్రోలు ఖర్చు పెరుగుతుంది. గాలి ఎక్కువైతే టైరు నడిమి భాగం అరుగుతుంది. రోడ్డుపై పట్టు సడలుతుంది.

మరి ఎంత ఉండాలి? తయారీదారులు నిర్ణయించిన ఒత్తిడిని సాధారణంగా డ్రైవరు తలుపు తెరిచినప్పుడు కనిపించే చీటీపై ముద్రిస్తారు. చాలా కార్లకు ఇది చదరపు అంగుళానికి 30 నుండి 35 పౌన్ల వరకు ఉంటుంది. నిండు భారానికి వేరే అంకె ఇచ్చి ఉంటే దానిని పాటించాలి. టైరు పక్కభాగంపై కనిపించే గరిష్ఠ ఒత్తిడి దాని సహనానికి హద్దు. అంతవరకు గాలి నింపాలని దాని అర్థం కాదు.

ఈ అంకెలన్నీ చల్లని టైరుకు వర్తిస్తాయి. కారు కనీసం మూడు గంటలు నిలిచి ఉన్న తరువాత, ఎండ సోకకముందే కొలవడం ఉత్తమం. ఉదయం 27 డిగ్రీల సెల్సియస్ వద్ద 32 పౌన్లున్న టైరు ప్రయాణంలో 57 డిగ్రీలకు వేడెక్కితే, ఒత్తిడి దాదాపు 37 పౌన్లకు చేరుతుంది. ఇది సహజమే. ఎక్కువైందని భ్రమించి గాలి తీసి 32కు తెస్తే, మరునాటి ఉదయానికి అందులో మిగిలేది దాదాపు 28 పౌన్లే.

వాతావరణభేదం కూడా గమనార్హం. శ్రీనగరు నుండి కన్యాకుమారి వరకు సాగే 44వ జాతీయ రహదారి హైదరాబాదును, ఢిల్లీని కలుపుతుంది. హైదరాబాదులో 30 డిగ్రీల వద్ద 32 పౌన్లు నింపిన టైరులో, ఢిల్లీలో 8 డిగ్రీల చలి ఉన్న జనవరి ఉదయాన గాలి ఏమాత్రం కారకపోయినా 29 పౌన్లకు లోపే ఉంటుంది. అక్కడ మళ్ళీ కొలిచి, లోటు పూరించుకోవాలి.

నెలకొకసారి, దూరప్రయాణానికి ముందు తప్పనిసరిగా, స్టెప్నీతో సహా అన్ని టైర్లను గేజితో పరీక్షించాలి. చాలినంత గాలి లేని టైరు కూడా పైకి నిండుగానే కనిపించవచ్చు. కాలితో తన్ని చూసినా, చేతితో నొక్కి చూసినా ఆ లోటు తెలియదు.