పాటతో కుదిరిన రాత

మా బాబు మూడో తరగతి. రాత కోడి కెలికినట్టుందని నోట్‌బుక్ నిండా ఎర్రగీతలే. నేను తిట్టేకొద్దీ పెన్సిల్ ఇంకా గట్టిగా బిగబట్టేవాడు. చివరికి బడికే పోనని మొండికేశాడు.

దసరాకు జగిత్యాల నుంచి సిరిసిల్లలో మా పుట్టింటికి వెళ్లాం. చేతిమగ్గం నేసిన మా నాయిన వాడి వేళ్లు చూసి, "గంత బిగబట్టకు బిడ్డా! కాలు తొక్కుడు, చెయ్యి ఊపు కలిస్తేనే నేత" అన్నాడు. సాయంత్రం బతుకమ్మ ఆడేవాళ్లతో చప్పట్లు, అడుగులు కలిపించాడు.

కోరుట్లలో టీచర్‌గా చేస్తున్న మా అక్కకు చెబితే, నెదర్లాండ్స్‌కు చెందిన రాగ్నిల్డ్ ఊసోరెన్ రూపొందించిన 'రైట్ డాన్స్' పద్ధతి ఇలాంటిదేనంది. సంగీతానికి తగ్గట్టు ముందు గాలిలో చేతులు ఊపిస్తారు. తర్వాత అవే కదలికల్ని కాగితం మీద గీయిస్తారు.

మేమూ రోజూ పది నిమిషాలు పాట పెడుతున్నాం. మొదట భుజం కదిలేలా గాలిలో పెద్ద సున్నాలు, తర్వాత రెండు చేతులతో పలక మీద, ఆఖర్న ర, ఠ, ద. తెలుగు అక్షరాలకు సున్నా చుట్టడం వస్తే సగం పని అయినట్టే కదా!

నెల దాటింది. ముత్యాల్లాంటి రాతేం రాలేదు. కానీ బడికి పోతున్నాడు. మొన్న తనంతట తానే తాతకు ఉత్తరం రాశాడు. వరుసలు వంకరే. నాయిన మాత్రం ఫోన్‌లో ఒక్క అక్షరం తప్పకుండా చదివి వినిపించాడు.