నోటు పుస్తకం నిండింది, చదువు రాలేదు

ఏటా జూన్‌లో బడులు తెరిచే వారం మేము హఫీజ్‌పేట్‌లో నోటు పుస్తకాలు, బ్యాగులు పంచుతాం. కిందటి పంపిణీకి ఒక అబ్బాయి పాత నోటు పుస్తకాలు కూడా వెంట తెచ్చాడు. అవి చూపిస్తే కొత్తవి ఎక్కువ ఇస్తారని ఎవరో చెప్పారట. నాలుగు పూర్తయి అయిదో తరగతికి వెళ్తున్నాడు. పుస్తకం తెరిస్తే ముత్యాల్లాంటి అక్షరాలు, పేజీ పేజీకీ ఎర్ర సిరా టిక్కులు. "ఇందులో ఏముందో చదువు బేటా" అన్నాం. తాను రాసిన వాక్యాన్నే చదవలేకపోయాడు. బోర్డు మీద ఉన్నదాన్ని బొమ్మ గీసినట్టు గీసుకొచ్చాడంతే.

వాడు బడి ఎగ్గొట్టే పిల్లవాడు కాదు. తల్లి అపార్ట్‌మెంట్లలో ఇంటిపనికి వెళ్తుంది, తండ్రి ఆటో నడుపుతాడు. టిక్కులు చూసి పిల్లవాడికి చదువు వస్తోందని వాళ్లు నమ్మారు. మేమూ అలాగే నమ్మాం. ఏటా వాడికి ఆ పుస్తకాలు ఇచ్చింది మేమే కదా.

ఇది ఒక్క పిల్లవాడి కథ కాదు. ప్రథమ్ సంస్థ ఆధ్వర్యంలో 2005 నుంచి 'అసర్' అనే సర్వే జరుగుతోంది. అందులో ఇంటికి వెళ్లి, పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు మెట్లుగా చదివిస్తారు: అక్షరాలు, చిన్న మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి చిన్న కథ. ఆ కథను చదవగలిగిన మూడో తరగతి పిల్లలు తెలంగాణలో 2018లో 18.1 శాతం. కరోనా మూసివేతల తర్వాత 2022లో అది 5.2 శాతానికి పడిపోయింది. దేశం మొత్తం మీద 27.3 నుంచి 20.5కు తగ్గింది. ఈ లెక్కలో సర్కారు బడుల పిల్లలూ ఉన్నారు, ప్రైవేటు బడుల పిల్లలూ ఉన్నారు. అయితే అసర్ పల్లెల్లో చేసే సర్వే. ఒక పక్క హైటెక్ సిటీ, మరో పక్క మియాపూర్ ఉన్న మన బస్తీలు అందులోకి రావు. కాబట్టి ఇక్కడి సంగతి మనమే తెలుసుకోవాలి.

అక్షరాలు వస్తే చదువు వచ్చినట్టే అనుకుంటాం. ఒక్కో అక్షరం దగ్గర ఆగి, గుణింతం గుర్తు చేసుకుని, వత్తు కలుపుకునే పిల్లవాడు వాక్యం చివరికి వచ్చేసరికి మొదట్లో ఏం చదివాడో మరచిపోతాడు. మాటలన్నీ పలుకుతాడు గానీ అర్థం పట్టుబడదు. అందుకే కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం, మూడో తరగతి పూర్తయ్యేసరికి నిమిషానికి కనీసం 60 మాటలు అర్థంతో చదవాలని లక్ష్యం పెట్టింది. మన రాష్ట్రంలో 2022 ఆగస్టు నుంచి 'తొలిమెట్టు' నడుస్తోంది. ఆ మెట్టు దాటకుండా పై తరగతికి వెళ్తే లెక్క రాని పిల్లవాడిలా కనిపిస్తాడు. నిజానికి వాడికి రానిది లెక్క కాదు, లెక్క అడుగుతున్న వాక్యం.

మన పిల్లలకు ఇంకో చిక్కు ఉంది. ఇంట్లో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చింది. పుస్తకంలో ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు ఉంటాయి. ఇంగ్లీషు కావాలని అడిగింది తల్లిదండ్రులే, ఆ కోరికలో తప్పు లేదు. కానీ ఎప్పుడూ వినని మాటను అక్షరాలు కూడబలుక్కుని చదివినా, అది సరిగ్గా చదివాడో లేదో పిల్లవాడికి తెలిసే దారి లేదు.

సాయంత్రం మక్తబ్‌కు వెళ్లే పిల్లల్లో మేము ఒకటి గమనించాం. ఖాయిదాలో 'బ' మీద జబర్, కింద జేర్, పైన పేష్ పెట్టి గబగబా పలికేవాళ్లు తెలుగు గుణింతం దగ్గర బిక్కమొహం వేస్తున్నారు. చేసే పని ఒకటే. జబర్ మన తలకట్టు, జేర్ గుడి, పేష్ కొమ్ము. ఇలా చెప్పగానే కొందరికి గుణింతం చప్పున అందింది. అయితే ఖాయిదా చదువులో అర్థం అడగరు, పలుకు సరిగా ఉందా అని చూస్తారు. ఆ అలవాటుతో తెలుగు కథనూ అర్థం పట్టించుకోకుండా చదివేస్తారు. చదివాక "ఏం జరిగింది?" అని అడగడం మాని ఊరుకోకూడదు.

ప్రైవేటు బడికి మారిస్తే సరిపోతుందా? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచి 180 గ్రామాల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ పరిశీలించారు. లాటరీలో ఎంపికైన సర్కారు బడి పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు కట్టించారు. రెండేళ్లకూ నాలుగేళ్లకూ పరీక్ష పెడితే తెలుగులో, లెక్కల్లో వాళ్లకూ సర్కారు బడిలో ఉన్నవాళ్లకూ తేడా కనిపించలేదు. హిందీలో మాత్రం ముందున్నారు. ప్రైవేటు బడులకు ఖర్చు తక్కువే అన్నది కూడా అందులో తేలింది, అది ఒప్పుకోవాలి. కానీ అప్పు చేసి ఫీజు కట్టే తల్లికి తెలియాల్సింది మొదటి సంగతి.

పనికొస్తుందని పదే పదే పరీక్షించి తేల్చిన పద్ధతి వేరే ఉంది. పిల్లల్ని తరగతిని బట్టి కాకుండా, చదవగలిగే మెట్టును బట్టి గుంపులుగా కూర్చోబెట్టి రోజుకు గంటో రెండు గంటలో చెప్పడం. ప్రథమ్ దీన్ని తయారు చేసింది. 2019లో నోబెల్ బహుమతి అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో దీని ఫలితాలను ఏళ్ల తరబడి పరిశీలించారు. అయిదో తరగతి వాడు మూడో తరగతి వాడి పక్కన కూర్చోవడానికి మొదట సిగ్గుపడతాడు. మన అబ్బాయీ సిగ్గుపడ్డాడు.

మీ ఇంట్లోనూ చూసుకోవచ్చు. రెండో తరగతి తెలుగు వాచకం తీసుకోండి. పిల్లవాడు కంఠతా పట్టిన పాఠం వద్దు, చూడని పేజీ చదివించండి. అడ్డురాకండి, తిట్టకండి. అక్షరం రాని తల్లి కూడా పిల్లవాడు ఎక్కడ ఆగుతున్నాడో చెవితో పట్టుకోగలదు.

ఈ ఏడాది బ్యాగులు తగ్గించి ఆ డబ్బుతో సాయంత్రం చదువు గంట పెట్టాలని కమిటీలో అనుకున్నాం. బ్యాగు అందని తల్లులకు కోపం రావచ్చు. దాతల్లోనూ కొందరికి ఇది నచ్చలేదు, బ్యాగు ఫోటోలో కనిపిస్తుంది, చదువు కనిపించదు. జకాత్ సొమ్ము ఇందులో కలపలేదు, విడిగా వచ్చిన సదఖాతోనే నడుపుతాం. వచ్చే జూన్‌లో పంపిణీ బల్ల పక్కన రెండో తరగతి కథ ఉన్న కాగితం ఒకటి పెడతాం. ముందు అది చదివించి వింటాం. చదవలేకపోయినా పుస్తకం ఇస్తాం, పేరు మాత్రం సాయంత్రం గంట జాబితాలో రాసుకుంటాం.